కంప్యూటరు పవర్ సప్లై : వాట్ల వెనుక కథ

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లములో కొల్లేరు నిలిచియున్నది. 1970 తరువాత ఆ చుట్టుప్రక్కల చేపల చెరువులు విస్తరించినవి. వాటితోపాటు మోటార్లును పెరిగినవి. మోటారు బయలుదేరునప్పుడు, నడుచునప్పటికంటె అనేకరెట్లు కరెంటు లాగును. అట్టివి కొన్ని ఒకే లైనుమీద నున్నచో, లైను చివరి ఇంటిలో దీపము ఒక్కసారి మసకబారును. ఏలూరులోగాని తాడేపల్లిగూడెములోగాని కంప్యూటరు కొనువాడు ప్రాసెసరును గూర్చి అడుగును, మెమొరీని గూర్చి అడుగును. ఈ మసకబారుటను భరించవలసిన పవర్ సప్లై పెట్టెను గూర్చి అడుగడు. అడిగినను ‘ఎన్ని వాట్లు?’ అని మాత్రమే. ఆ ఒక్క సంఖ్య చాలదని పెట్టె చరిత్రయే చెప్పుచున్నది.

గోడలోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు కంప్యూటరునకు నేరుగా పనికిరాదు. దానికి 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావలెను. పాత పద్ధతిలో ఇనుప ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని దించును, డయోడులు దానిని ఏకముఖము చేయును, చివరనున్న ట్రాన్సిస్టరు మిగులు వోల్టేజిని వేడిగా మార్చి పారవేయును. సగము శక్తి ఇట్లు వేడియై పోవుట అరుదు కాదు. పైగా సెకనుకు 50 ఆవృత్తులు మాత్రమే గల విద్యుత్తునకు ట్రాన్స్‌ఫార్మరు బరువుగా నుండక తప్పదు. ఆవృత్తి తగ్గినకొలది ఇనుములో అయస్కాంత అభివాహము పెరిగి చుట్టలు వేడెక్కును. దక్షిణ భారత గ్రిడ్డులో 1990 దశకమున రద్దీవేళల ఆవృత్తి 48 దగ్గరకు దిగుచుండెను. 2003 జనవరిలో క్రొత్త టారిఫ్ పద్ధతి అమలైన తరువాతనే అది చక్కబడసాగెను.

పశ్చిమ గోదావరిలోని మోగల్లున 1914లో జన్మించిన డాక్టరు ఎ. ఎస్. రావుగారి సారథ్యమున హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. నెలకొన్నది. 1969 నాటి టి.డి.సి.-12 కంప్యూటరు ట్రాంబే శాస్త్రజ్ఞుల రూపకల్పన, ఇ.సి.ఐ.ఎల్. ఉత్పత్తి. అట్టి యంత్రము కొన్నవాడు తనకు నచ్చిన పవర్ సప్లైని అంగడిలో ఎంచుకొను పద్ధతి ఆనాడు లేదు.

1977లో వెలువడిన ఆపిల్ 2 కంప్యూటరునకు రాడ్ హోల్ట్ అను ఇంజనీరు స్విచింగ్ పద్ధతి పవర్ సప్లైని రచించెను. (ఆ పద్ధతికి ఆయన ఆద్యుడు కాడు; ఉపగ్రహములలోను, కొలత పరికరములలోను అది అప్పటికే కలదు.) ఇందు 230 వోల్టుల విద్యుత్తును ముందుగనే సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దానిని సెకనుకు వేలకొలది పర్యాయములు ట్రాన్సిస్టరుతో తెంచుదురు. ఆవృత్తి అంత హెచ్చినందున అరచేతిలో ఇముడు ఫెర్రైటు ట్రాన్స్‌ఫార్మరు చాలును. గ్రిడ్డు 48కి దిగినను అది లక్ష్యపెట్టదు.

1981లో వచ్చిన ఐ.బి.యం. పి.సి. పవర్ సప్లై సామర్థ్యము 63.5 వాట్లు మాత్రమే! 1995లో ఇంటెల్ సంస్థ ఎ.టి.ఎక్స్. ప్రమాణము వెలువరించిన పిదప పెట్టె కొలతలు, మరల రంధ్రములు, ప్లగ్గులు ఒక తీరునకు వచ్చినవి. పవర్ సప్లై విడిగా కొనదగిన సరుకైనది. ఎంపికయు, దానితో చిక్కులును అప్పటినుండి కొనువాని పాలబడినవి.

ఆ ప్రమాణమును చదివినచో పరీక్ష ఎట్లు చేయవలెనో తెలియును. 12 వోల్టుల తీగపై వోల్టేజి, బరువు ఎంత పడినను, 11.4కు తగ్గరాదు, 12.6కు మించరాదు. దానిపై తేలు చిన్న అలలు 120 మిల్లీవోల్టులు దాటరాదు. సరఫరా తెగిన తరువాత సుమారు 17 మిల్లీసెకనులు పెట్టె నిలువవలెను. అది మన విద్యుత్తులో ఒక్క ఆవృత్తి కాలమైన 20 మిల్లీసెకనులకంటెను తక్కువ. కనుక చెరువుల మోటార్లు కలిగించు దీర్ఘమైన పతనమునకు యు.పి.ఎస్. ఉండవలసినదే. గోడనుండి 300 వాట్లు తీసుకొను పెట్టె 230 వోల్టుల వద్ద 1.3 ఆంపియర్లు లాగును. 170 వద్ద దాదాపు 1.8. ఆ అదనపు కరెంటు అదనపు వేడి. 100 నుండి 240 వోల్టుల వరకు పనిచేయునవి ఇందుకు తగినవి. 2004లో మొదలైన 80 ప్లస్ ముద్ర శక్తి వృథాను మాత్రమే తెలుపును. ఆ పరీక్ష జరుగునది సుమారు 23 డిగ్రీల చల్లని గదిలో. ఏలూరు మే నెల ఎండలో ఆ గది ఎక్కడిది? వ్రాసిన వాట్లు 40 డిగ్రీల వద్దనా, 50 వద్దనా అని చూడవలెను. వేడి 10 డిగ్రీలు పెరిగినచో లోపలి విద్యుద్విశ్లేష్య కెపాసిటర్ల ఆయువు సుమారు సగమగును.

2000 తరువాతి సంవత్సరములలో మాడ్యులర్ నమూనాలు బజారునకు వచ్చినవి. వీటి తీగలు పెట్టెకు అతికియుండవు; కావలసినవి తగిలించుకొని తక్కినవి దాచవచ్చును. లోపల తీగల చిక్కు తగ్గును, దుమ్ము తుడుచుట సులభము. అంతకుమించి విద్యుత్తు నాణ్యత పెరుగదు. అతుకు మరియొకటి అదనము.

అసలు ప్రమాదము ఆ అతుకులోనే యున్నది. తీగయొక్క ఒక కొన, అనగా డిస్కులో గ్రుచ్చు కొన, ప్రమాణబద్ధము. పెట్టెలో గ్రుచ్చు రెండవ కొనకు ఏ ప్రమాణమును లేదు. తయారీదారులు ఎవరి వరుస వారిది పెట్టుకొనిరి. ఒకరి తీగ మరియొకరి పెట్టెలో చక్కగా దిగవచ్చును. అప్పుడు 5 వోల్టులు రావలసిన చోట 12 వోల్టులు వచ్చి, డిస్కు, దానితో సంవత్సరముల మార్కుల పట్టికలు క్షణములో పోవును. ఒకే కంపెనీవారి రెండు నమూనాల మధ్యను ఈ భేదము ఉండవచ్చును. పాఠశాలలో పవర్ సప్లైని మార్చునప్పుడు పాత తీగలను పాత పెట్టెకే కట్టి పంపివేయవలెను. విడి తీగ మిగిలియున్నచో, డిస్కును తగిలించుటకు ముందు మల్టీమీటరుతో ఒక్కొక్క పిన్ను కొలిచి చూడవలెను.