దొమ్మరి: అర్థము, వాడుక

దొమ్మరి (నామవాచకం): గడలెక్కి, తాళ్లపై నడిచి, పిల్లిమొగ్గలు వేసి ఊరూరా వినోదం పంచిన కులానికి పేరు. వారి ప్రదర్శన దొమ్మరాట. గడపై ఆడే స్త్రీ గడసాని. చెన్నై శివారులోని మనలి వైపు తమిళులు ఈ ఆటగాణ్ణి కళైక్కూత్తాడి అంటారు; ‘కళై’ అనగా వెదురుగడ.

సిగ్గు విడిచినదనే అర్థంలో ఆడపిల్లలను ‘దొమ్మరిదానా’ అని కసరుట తెలుగిళ్లలో పాత అలవాటు. కూడు పెట్టిన విద్యే తిట్టుకు మూలమగుట విచారకరం. బ్రిటిషు పాలకులు వీరిని నేరస్థ జాతుల చట్టం కిందికి తెచ్చుటతో ఆ చిన్నచూపునకు పోలీసు నిఘా తోడైనది. చట్టం దేశమంతటా 1952లో రద్దయినది. తిట్టు నేటికీ వినబడుచున్నది. గడవంశీయులని పిలువవలెనని ఆ కులస్థులు కోరుచున్నారు.