సెల్‌ఫోన్‌లో తెలుగు: 'జ్ఞా' చెప్పిన చరిత్ర

2018 ఫిబ్రవరి నడుమ కొన్ని రోజులపాటు తెలుగు భాష పేరు దేశదేశాల పత్రికల్లో వినిపించింది. కవిత్వం వల్ల కాదు, సినిమా వల్లా కాదు. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చేస్తోందన్నది వార్త. ఆ అక్షరం 'జ్ఞా'. ఎవరైనా దాన్ని సందేశంలో పంపితే చాలు, అవతలి ఫోన్లో సందేశాల ప్రోగ్రాం మూతపడేది. తిరిగి తెరిస్తే తిరిగి మూతపడేది. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ వంటివీ అదే దారి పట్టాయి. కొత్త సందేశం వచ్చిందని తెరమీద కనిపించే సూచనలో ఆ అక్షరం ఉంటే, ఫోన్ ముఖద్వారాన్ని నడిపే ప్రోగ్రామే కుప్పకూలేది. ఆకతాయిలకు అదొక ఆట అయింది. 'జ్ఞానం' అనే మాటకు మొదటి అక్షరం ఇంతటి అపకీర్తి మూటగట్టుకోవడం విచిత్రమే.

ఆ వార్తలు మాత్రమే చదివినవారికి తెలుగు అంటే యంత్రాలకు కొరుకుడుపడని చిక్కు లిపి అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. నిజం వేరు. అది తెలియాలంటే మన అక్షరాలు సెల్‌ఫోన్ దాకా వచ్చిన దారిని ఒకసారి తిరిగి చూడాలి. నేను బ్యాంకు ఉద్యోగిని, చదివింది కామర్సు. అయినా ఫోన్‌కు కొత్త అప్‌డేట్ వచ్చిందంటే వెంటనే వేసుకుని, ఏమేమి మారాయో వెదికి చూసే సరదా ఒకటి ఉంది. అందులోనూ మొదట చూసేది తెలుగు ఎలా కనిపిస్తోందన్నదే. తెలుగు నాడుకు వెలుపల తరాలుగా ఉంటున్న మనకు ఈ చరిత్రతో పనేమిటో చివర మనవి చేస్తాను.

అంకెలుగా మారిన అక్షరాలు

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించి, ఆ అంకె వచ్చినప్పుడు ఈ బొమ్మ గీయి అని చెప్పాలి. 1990లలో మన పత్రికల అచ్చుకు వాడిన తెలుగు ఫాంట్లలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఒక ఫాంటులో కూర్చిన వ్యాసాన్ని ఇంకో ఫాంటులో తెరిస్తే తలాతోకా లేని గుర్తులు వచ్చేవి. ఒక శాఖ పద్దుల పుస్తకం ఇంకో శాఖలో చెల్లకపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది పరిస్థితి.

దీనికి మందు అంతకు ముందే మన దేశంలో తయారవుతూ వచ్చింది. 1986లో కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 'ఇన్‌స్క్రిప్ట్' అనే మీటల పలకను ప్రమాణంగా నిర్ణయించింది. 1991లో భారత ప్రమాణాల సంస్థ 'ఇస్కీ' అనే అంకెల పట్టికను ఆమోదించింది. రెండింటి వెనుకా ఉన్న ఆలోచన ఒకటే. భారతీయ లిపులు ఆకారంలో వేరైనా వర్ణమాల వరుస ఒకటే కాబట్టి, ఏ లిపిలోనైనా 'క'కు ఒకే అంకె, ఒకే మీట ఉండాలి. అదే 1991లో మొదటి కూర్పు వెలువడిన యూనికోడ్ ప్రపంచ లిపులన్నింటికీ అంకెలిచ్చే పని చేపట్టి, మన లిపులకు ఇస్కీ వరుసనే తీసుకుంది. తెలుగు ఆ మొదటి కూర్పులోనే చేరింది.

ఆ పట్టికలో మన ఇరుగుపొరుగు ఎవరో చూడండి. ఒక్కో లిపికి 128 స్థానాలు. ఒడియా 2816వ అంకె దగ్గర మొదలవుతుంది. తరువాత 2944 నుంచి తమిళం, 3072 నుంచి తెలుగు, 3200 నుంచి కన్నడం. పర్లాకిమిడి, హోసూరు, బళ్ళారి వైపు ఉన్న మనవాళ్ళు నేల మీద ఎవరి పక్కన బతుకుతున్నారో, మన అక్షరాలు పట్టికలోనూ వాళ్ళ పక్కనే ఉన్నాయి. తెలుగు 'క' అంకె 3093. దానికి 128 కలిపితే 3221, అది కన్నడ 'క'. తెలుగు 'క' అంకె నుంచి 128 తీసివేస్తే తమిళ 'క'. తమిళానికి ఖ, గ, ఘ లేవు గనుక ఆ మూడు స్థానాలనూ ఖాళీగా వదిలేశారు గాని, వరుసను చెరపలేదు.

అంకె ఉంటే చాలదు

అంకె ఇవ్వడంతో పని పూర్తి కాలేదు. ఇంగ్లీషు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చితే మాట అయిపోతుంది. తెలుగుకు అలా కుదరదు. 'జ్ఞా' అనే అక్షరాన్నే తీసుకోండి. యంత్రంలో అది నాలుగు అంకెలు: జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం. పలికేటప్పుడు దీర్ఘం ఞకారం తరువాత వస్తుంది. రాసేటప్పుడు ఞకారం ఒత్తుగా మారి కిందికి పోతుంది, దీర్ఘం పైనున్న జకారానికి తగులుకుంటుంది. ఈ సర్దుబాటు చేయడానికి అక్షరాలను కూర్చే ప్రోగ్రాం ఒకటి కావాలి, దానికి తగిన ఫాంటు కావాలి. రెండింటిలో ఏది లోపించినా తెలుగు ఉండదు.

ఐఫోన్ 2007లో, ఆండ్రాయిడ్ ఫోన్ 2008లో బజారుకు వచ్చాయి. ఆండ్రాయిడ్ తొలి కూర్పుల్లో తెలుగు లేదు. తెలుగు పేజీ తెరిస్తే వరుసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. అప్పట్లో ఆసక్తి ఉన్నవారు ఒకరికొకరు చెప్పుకున్న చిట్కా ఒకటుంది. ఓపెరా మినీ అనే బ్రౌజరులో, చిరునామా రాసే చోట దాని అమరికల పేజీ పేరు కొట్టి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపించమనే వరుసకు 'అవును' అని పెట్టాలి. అప్పుడు ఎక్కడో ఉన్న ఆ కంపెనీ కంప్యూటర్లు తెలుగును బొమ్మలుగా గీసి ఫోన్‌కు పంపేవి. అక్షరాలు కాస్త మసకగా ఉండేవి, కాని చదవడానికి పనికివచ్చేవి. తెలుగు చదవడానికి ఇంత తిరుగుడు తిరిగిన రోజులవి.

2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 కూర్పు తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు మద్దతు చేర్చింది. మామూలు కొనుగోలుదారు దృష్టిలో అది చిన్న అప్‌డేట్. మన దృష్టిలో అదే పెద్ద మలుపు. అయితే చవక ఫోన్లకు తయారీదారులు అప్‌డేట్లు ఇవ్వడం అరుదు. అందుచేత చాలామందికి తెలుగు అప్‌డేట్‌తో రాలేదు, కొత్త ఫోన్ కొన్నప్పుడు వచ్చింది.

అక్షరాల ఆకారాలకూ చరిత్ర ఉంది. యాపిల్ పరికరాల్లో వచ్చిన 'తెలుగు సంగం ఎం.ఎన్.' ఫాంటు పేరులోని ఎం.ఎన్. అంటే ముత్తు నెడుమారన్. ఆయన మలేషియా తమిళుడు. సొంత రాష్ట్రానికి దూరంగా పుట్టిన పొరుగు భాషవాడు మన అక్షరాలకు రూపు దిద్దాడన్నమాట. 2011, 2012 సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి యూనికోడ్ తెలుగు ఫాంట్లను ఉచితంగా విడుదల చేశాయి. వాటికి పెద్దన, తిమ్మన, సూరన్న, గురజాడ, గిడుగు వంటి పేర్లు పెట్టారు. గిడుగు రామమూర్తి పంతులు దశాబ్దాలపాటు పనిచేసిన పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరింది. ఆయన ఊరు విడిచి రాజమండ్రికి తరలిపోయారు. ఆ పేరు గల ఫాంటును ఇప్పుడు పర్లాకిమిడిలో కూర్చుని ఉచితంగా దింపుకోవచ్చు.

కనిపించని ఐదో గుర్తు

ఇక 2018 సంగతి. 'జ్ఞా' నాలుగు అంకెలు అన్నాను. ఫోన్లను కూల్చిన వరుసలో అవి ఐదు. ఞకారానికీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు దూరి ఉంది. రెండు అక్షరాలు కలవకుండా విడదీయడం దాని పని. మనం 'బ్యాంక్‌లో' అని రాసినప్పుడు అది ఉంటుంది. అది లేకపోతే లకారం ఒత్తుగా మారి 'బ్యాంక్లో' అవుతుంది. 'సెల్‌ఫోన్' అనే మాటలోనూ అదే ఉంది. ఇంగ్లీషు మాటలను తెలుగులో రాయడానికి మనకు రోజూ పనికివచ్చే గుర్తు అది. దాన్ని ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య పెట్టవలసిన అవసరం మాత్రం ఎవరికీ ఉండదు.

కాబట్టి 'జ్ఞానం' అని అందరిలా రాస్తే ఏ ఫోనూ కూలలేదు. 'జ్ఞానేశ్వరి' అని రాసినా కూలలేదు. పైగా చిక్కు 'జ్ఞా'కు మాత్రమే పరిమితమైంది కాదని సాఫ్ట్‌వేర్ నిపుణులు కొద్ది రోజుల్లోనే తేల్చారు. ఐత్వం వంటిది మినహాయిస్తే, తెలుగు ఒత్తక్షరం తరువాత ఆ గుర్తు, దాని తరువాత ఏ గుణింతం వచ్చినా అదే ఫలితం. బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని ఒత్తక్షరాలకు అదే గతి. పేరు మాత్రం తెలుగుకు వచ్చింది.

ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 అనే అప్‌డేట్‌ను విడుదల చేసింది. మాక్, వాచ్, టీవీలకు కూడా సవరణలు ఇచ్చింది. వచ్చే మాటను ముందుగా సరిగా పరిశీలించకపోవడం వల్ల మెమొరీ చెడిపోతున్నదనీ, ఆ పరిశీలనను మెరుగుపరిచామనీ దాని వివరణ సారాంశం. ఇది మా వృత్తివాళ్ళకు తేలికగా అర్థమయ్యే సంగతి. చెక్కులో తేదీ తప్పుగా ఉంటే కౌంటరులో ఉన్నవాడు చెక్కును తిప్పి పంపాలి గాని, బ్యాంకు తలుపులు మూసుకుని పోకూడదు. తప్పుడు వరుస రావడం నేరం కాదు, దాన్ని తట్టుకోలేకపోవడమే లోపం.

ఇలాంటివి అంతకుముందూ జరిగాయి, తరువాతా జరిగాయి. 2015 మేలో అరబ్బీ, దేవనాగరి, చైనా గుర్తులు కలిసిన ఒక సందేశం ఐఫోన్లను ఆపివేసింది. 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరాలు, ఇటలీ జెండా బొమ్మ కలిసిన వరుస అదే పని చేసింది. ఆ లోపాన్ని మే నెలలో వచ్చిన 13.5 అప్‌డేట్ సరిచేసింది. ఈ మూడు ఉదంతాల్లోనూ వినిపించిన లిపులను గమనించండి. ఇంగ్లీషు అక్షరాల దారిలో రోజూ కోట్లమంది నడుస్తారు. గుంట ఉంటే వెంటనే బయటపడుతుంది, వెంటనే పూడుస్తారు. నడిచేవాళ్ళు తక్కువైన దారిలో గుంట ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. నాకు అర్థమైనంతవరకు 'జ్ఞా' చరిత్ర చెప్పే నీతి ఇదే.

మన సంగతి

2016లో భారత ప్రమాణాల సంస్థ సెల్‌ఫోన్లకు ఒక ప్రమాణం ఏర్పరచింది. ఇంగ్లీషు, హిందీ, వాటితోపాటు కనీసం మరొక భారతీయ భాషలో రాసే వీలుండాలి. చదవడానికి మాత్రం రాజ్యాంగం గుర్తించిన 22 భాషలూ తెరమీద కనిపించాలి. 2017 జూలై 1 అని పెట్టిన గడువు తరువాత జరిగింది గాని, సూత్రం నిలిచింది. షోలాపూరులో కొన్నా, బరంపురంలో కొన్నా ఫోన్ తెలుగును చూపించి తీరాలి. బడి విషయంలో మనకు ఇంతటి హామీ ఎక్కడుంది? మన పిల్లల్లో చాలామంది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయడం రాదు. ఫోన్లో అమ్మకు సందేశం పంపాలంటే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు.

వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. ఇన్‌స్క్రిప్ట్ సంగతి వాళ్ళకు చెప్పడంలో మాత్రం లాభం ఉంది. కన్నడంలో ఆ పద్ధతిలో టైపు నేర్చినవాడికి తెలుగు టైపు వచ్చినట్టే. ఏ మీట నొక్కితే కన్నడ 'క' వస్తుందో, అదే మీట తెలుగు 'క' ఇస్తుంది. ఒడియాకూ, మరాఠీకీ అంతే. అక్షరాల ఆకారం కొత్తదైనా చేతికి దారి పాతదే. ఫోన్ అమరికల్లో తెలుగు మీటల పలకను చేర్చడానికి పైసా ఖర్చు లేదు. 1986లో ఎవరో మన లిపులన్నింటినీ ఒక్క వరుసలో నిలబెట్టినందుకు దక్కిన ఫలం ఇది.

2008లో యూనికోడ్ 5.1 కూర్పులో తెలుగుకు కొన్ని పాత గుర్తులు చేరాయి. కాలు, అర, ముప్పావు, వీసం వంటి భిన్నాలకు పూర్వం లెక్కల్లో వాడిన గుర్తులు అందులో ఉన్నాయి. ధాన్యం కొలిచే తూముకు కూడా ఒక గుర్తు ఉంది. లెక్కల మనిషిని గనుక వాటిని చూసి సంతోషించాను. వెంటనే ఒక దిగులు కూడా కలిగింది. వాటికి అంకెలు దొరికాయి, స్థానం శాశ్వతమైంది. వాడేవాళ్ళు లేరు.

రెండేళ్ళకు మించి ఖాతాదారు ఏ లావాదేవీ జరపకపోతే ఆ ఖాతాను బ్యాంకులో పని చేయనిదిగా లెక్క కడతారు. డబ్బు ఎక్కడికీ పోదు, పేరు కూడా ఉంటుంది, కాని ఖాతా కదలదు. ఫోన్లో తెలుగుకు ఖాతా తెరిచి ఇచ్చినవారు ఎందరో ఉన్నారు. అందులో లావాదేవీలు జరపవలసింది మనం. మనం తెలుగులో రాసిన ప్రతి సందేశమూ ఆ దారిలో ఒక అడుగు. గుంటలు కనిపెట్టేదీ, పూడ్చమని అడిగేదీ నడిచేవాళ్ళే. ఈసారి ఊరినుంచి అన్నయ్యకో, అత్తయ్యకో పండుగ శుభాకాంక్షలు పంపేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలను పక్కకు పెట్టి, మన అక్షరాల్లో రాసి చూడండి. అందులో ఒక 'జ్ఞాపకం' ఉన్నా భయం లేదు. ఏ ఫోనూ కూలదు.