ముట్టుగుడ్డ చరిత్ర: భాష, శ్రమ, విధానం

వ్యాస సంగ్రహం:

తిరిగి వాడుకొనే నూలుగుడ్డ తరతరాలుగా స్త్రీల ఋతుకాల అవసరాన్ని తీర్చింది. ఆధునిక ఆరోగ్య పరిభాషలో అదే గుడ్డ అపరిశుభ్రతకు గుర్తయింది. ఇటీవలి దశాబ్దాలలో కుట్టిన ప్యాడ్ రూపంలో మళ్ళీ వాడుకలోకి వచ్చింది. ఈ పరిణామాన్ని భాష, ఆచారం, ప్రభుత్వ విధానం అనే మూడు ఆధారాలతో పరిశీలించి, గుడ్డ మంచిచెడ్డలను నిర్ణయించేది ఉతికే నీరు, ఆరవేసే చోటు, ఉతికే చేయి అని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ముట్టు, మైల, మడి, నూలుగుడ్డ, చాకలి, ఋతుకాల పరిశుభ్రత, ప్యాడ్.

1. ఉపోద్ఘాతం

తెలుగు నేల చరిత్రలో వస్త్రానికి గౌరవస్థానం ఉంది. మచిలీపట్నం కలంకారీ, పోచంపల్లి, ఉప్పాడ నేతల గురించి విస్తారమైన రచనలు వచ్చాయి. అయితే చీర పాతబడి, చిరిగి, ఇంటి ఆడవారి ముట్టుగుడ్డగా మారిన తరువాత దానికి చరిత్ర లేదు. అమ్మకానికి రాని వస్తువు కనుక వర్తకుల ఖాతాలలో కనిపించదు. వాడినంతకాలం దాచి, పనికిరానినాడు పూడ్చడమో కాల్చడమో జరిగేది కనుక ప్రదర్శనశాలకూ చేరదు. అందుచేత ఈ చరిత్రకు తొలి ఆధారాలు పదాలే.

2. పదాలలో గుడ్డ

తెలుగులో ‘ముట్టు’ క్రియగా తాకడం, నామవాచకంగా ఋతుస్రావం. కన్నడంలోనూ ఈ పదానికి ఈ రెండర్థాలూ ఉన్నాయి. ‘అంటు’ కూడా ఇటువంటిదే. ‘బహిష్టు’ బయట ఉండడాన్ని తెలిపే మాట. ‘బయట చేరింది’, ‘దూరమయింది’ అనే నుడికారాలు ఆ భావానికే తెలుగు రూపాలు. ఈ మాటలు వేటిలోనూ రక్తం లేదు, దేహం లేదు. ఉన్నది తాకరాదన్న నియమం, ఉండవలసిన చోటు మాత్రమే.

వైదిక వాఙ్మయం మరొక దారిలో నడిచింది. విశ్వరూపుణ్ణి వధించిన ఇంద్రుని బ్రహ్మహత్యా పాతకాన్ని భూమి, వృక్షాలు, స్త్రీలు పంచుకొన్నారన్న కథ తైత్తిరీయ సంహిత రెండవ కాండలో ఉంది. ఋతుమతి అయిన స్త్రీని ఆ సంహిత ‘మలవద్వాసస్’ అంటుంది. మలినమైన వస్త్రం కలది అని దాని అర్థం. తెలుగు దేశపు వైదికులలో అధికులు తైత్తిరీయ శాఖకు చెందినవారు కావడం వల్ల ఈ మాటకు ఇక్కడి ఆచార చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. మహాభారత సభాపర్వంలో ద్రౌపది రజస్వలగా, ఏకవస్త్రగా సభకు ఈడ్వబడింది. అక్కడా స్త్రీ స్థితిని చెప్పేది వస్త్రమే. తెలుగువారి ‘మడిబట్ట’, ‘మైలబట్ట’ అన్న విభజన ఈ భావధారకు కొనసాగింపు. శుద్ధి అశుద్ధులు మనిషికి ముందు బట్టకు అంటాయి, బట్ట నుంచి మనిషికి చేరతాయి.

3. వాడుక, శ్రమ

గుడ్డను సిద్ధం చేసే పద్ధతి సులభమైనది. పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలు చీరను చింపి, మడతలు పెట్టి, మొలతాటికి ముందూ వెనుకా దోపుకొనేవారు. పాత నూలునే ఎంచుకోవడం కేవలం పొదుపు కాదు. కొత్త బట్టలోని గంజి తడిని త్వరగా పీల్చనివ్వదు, ఒరిపిడి కలిగిస్తుంది. పలు ఉతుకుల తరువాత గంజి పోయిన నూలు తడిని బాగా పీల్చుకొంటుంది. ఈ జ్ఞానం తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి మాటగానే అందింది. పాత చీర కూడా మిగలని ఇళ్లలో ఈ వెసులుబాటు లేదు. కాబట్టి ‘సంప్రదాయ పద్ధతి’ అన్న ఒక్క మాట కింద ఇన్ని తేడాలను కలిపివేయడం చరిత్రకు తగదు.

ఉతుకుడు విషయంలో వర్ణభేదం స్పష్టంగా కనిపిస్తుంది. సమర్త, పురుడు, ముట్టు సందర్భాలలోని మైలబట్టలను అనేక గ్రామాలలో చాకలి స్త్రీలు ఉతికేవారు. ఒక ఇంటి మడి మరొక కులపు స్త్రీల చేతిశ్రమ మీద నిలిచింది. ఇంటివారు తాకరాని బట్టను తాకడమే వృత్తిధర్మంగా నిర్ణయమైన ఆ స్త్రీకి తన ముట్టునాళ్లలో విశ్రాంతి ఉన్నదా అన్న ప్రశ్నను ఆచార గ్రంథాలు వేయలేదు. అటువంటి సేవ అందని కుటుంబాలలో స్త్రీ తన గుడ్డను తానే, చీకటివేళ, నలుగురి కంటపడకుండా ఉతుక్కోవలసి వచ్చేది. ఆ గుడ్డ ఎండ చూడడం అరుదు. చూరుకింద, మరో బట్ట చాటున, ఇంటి మూలన ఆరేది. గుడ్డకు కీడు చేసిన ప్రధాన కారణం ఈ చాటే.

4. కర్మాగారపు ప్యాడ్

వాడి పారవేసే ప్యాడ్ విస్తృత వాడుకకు యుద్ధరంగం తోడ్పడింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గాయాల కట్లకోసం అమెరికాలోని కింబర్లీ-క్లార్క్ సంస్థ కలపగుజ్జుతో ఒక పదార్థం తయారుచేసింది. నర్సులు దానిని ఋతుకాలంలో వాడుకొన్నారు. యుద్ధం ముగిశాక అదే పదార్థం 1920 ప్రాంతంలో ‘కోటెక్స్’ పేరుతో విపణికి చేరింది. భారతదేశంలో ఇటువంటి సరుకు చాలాకాలం నగర మధ్యతరగతికే పరిమితమైంది. కోయంబత్తూరు ప్రాంతానికి చెందిన అరుణాచలం మురుగనాథం చౌకగా ప్యాడ్‌లు తయారుచేసే చిన్న యంత్రాన్ని రూపొందించి, దానిని మహిళా సంఘాలకు అందించడంతో ఆ పరిధి కొంత విస్తరించింది. ఆయనకు 2016లో పద్మశ్రీ లభించింది.

విధానం కూడా ఇదే దారి పట్టింది. 2011లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ కిశోర బాలికలకు ఆరు ప్యాడ్‌ల పొట్లాన్ని ఆశా కార్యకర్తల ద్వారా 6 రూపాయలకు అందించే పథకాన్ని ఆరంభించింది. 2017 జూలైలో శానిటరీ నాప్కిన్‌లపై విధించిన 12 శాతం జి.ఎస్.టి.ని నిరసనల అనంతరం 2018 జూలైలో తొలగించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పథకం కింద విద్యార్థినులకు నెలకు పది ప్యాడ్‌లను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ముట్టు కారణంగా బడి మానుకొనే బాలికలకు ఈ చర్యలు చేసిన మేలు కాదనరానిది. నీరు, చాటు లేని పాఠశాలలో ఉతకనవసరం లేని ప్యాడ్ నిజమైన వెసులుబాటు. అయితే వాడిన తరువాత దాని గతి ఏమిటన్న ప్రశ్న మిగిలింది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన నాప్కిన్‌లను విడిగా చుట్టి ఇవ్వాలని నిర్దేశించవలసి వచ్చింది. ఒకనాడు చాకలి స్త్రీ మీద మోపిన మైల ఈనాడు పారిశుద్ధ్య కార్మికుల చేతికి మారింది.

5. గణాంకాలలో గుడ్డ

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగవ విడతలో (2015-16) 15-24 ఏళ్ల స్త్రీలలో 62 శాతం గుడ్డను, 42 శాతం శానిటరీ నాప్కిన్‌లను వాడుతున్నట్లు తెలిపారు. ఐదవ విడతలో (2019-21) గుడ్డ 50 శాతానికి తగ్గింది, నాప్కిన్ 64 శాతానికి పెరిగింది. ఒకరు రెండూ వాడే వీలుంది కనుక ఈ అంకెల మొత్తం వందను మించుతుంది.

ఇక్కడ గమనించవలసినది నిర్వచనం. స్థానికంగా తయారైన నాప్కిన్‌లు, శానిటరీ నాప్కిన్‌లు, టాంపన్‌లు, ఋతుకప్పులు ఈ సర్వేలో ‘పరిశుభ్ర పద్ధతులు’. గుడ్డ ఆ జాబితాలో లేదు. ఐదవ విడతలో పరిశుభ్ర పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 85 శాతం, తెలంగాణలో సుమారు 92 శాతం అని నమోదైన అంకెల వెనుక ఉన్నది ఈ నిర్వచనమే. గుడ్డను ఎలా ఉతికారు, ఎక్కడ ఆరవేశారు అన్నది ఆ అంకెలో లేదు. మహిళా సంఘం కుట్టిన నూలు ప్యాడ్‌ను వాడే స్త్రీ దానిని ‘గుడ్డ’ అని చెబితే ఒక గడిలో, ‘నాప్కిన్’ అని చెబితే మరొక గడిలో పడే అవకాశం ఉంది. మలవద్వాసస్ అన్న మాట స్త్రీని ఆమె బట్టతో గుర్తించింది. నేటి సర్వే ఆమె పరిశుభ్రతను కూడా బట్ట పేరుతోనే లెక్కిస్తున్నది.

వైద్య పరిశోధనలు ఇంతకంటె సూక్ష్మంగా మాట్లాడాయి. ఒడిశాలో 486 మంది స్త్రీలపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనం, తిరిగి వాడే గుడ్డకూ జననేంద్రియ, మూత్రమార్గ ఇన్ఫెక్షన్‌లకూ సంబంధం ఉన్నట్లు గుర్తించింది. అదే రాష్ట్రంలో 558 మందిపై జరిగి 2018లో వెలువడిన మరో అధ్యయనం కాండిడా ఇన్ఫెక్షన్‌ను పరిశీలించి, ఇంటిలోపల ఆరవేయడానికీ మరుగుదొడ్డిలో దాచడానికీ దానితో సంబంధం ఉందని చూపింది. మొదటిదాన్ని విడిగా చదివితే దోషం గుడ్డది. రెండింటినీ కలిపి చదివితే దోషంలో పెద్దపాలు చాటుది.

6. కుట్టిన ప్యాడ్‌గా పునరాగమనం

1999లో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ, నగరాలలో సేకరించిన పాత నూలు బట్టలను శుభ్రపరచి ఋతుకాలపు ప్యాడ్‌లుగా మార్చి గ్రామాలకు పంపింది. ఆరోవిల్‌కు చెందిన ఇకోఫెమ్ సంస్థ కుట్టిన నూలు ప్యాడ్‌లకు ప్రచారం కల్పించింది. భారతీయ ప్రమాణాల సంస్థ వాడి పారవేసే నాప్కిన్‌లకు ఏనాడో ప్రమాణం నిర్ణయించినా, తిరిగి వాడే ప్యాడ్‌లకు ప్రత్యేక ప్రమాణం ఐ.ఎస్. 17514 రూపంలో 2021లోగాని రాలేదు.

కొత్త ప్యాడ్‌లో పాత జ్ఞానమే క్రమబద్ధమైంది. ఒంటికి తగిలే పొర మెత్తని నూలు, మధ్యలో పీల్చే పొరలు, సాధారణంగా అడుగున తడి దిగని పొర, మొలతాటి స్థానంలో రెక్కలు, టిచ్ బటన్‌లు. రక్తపు మరక వేడినీటికి గట్టిపడుతుంది కనుక ముందు చన్నీళ్లలో నానబెట్టాలి, తరువాత సబ్బుతో ఉతికి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. ఎంచుకొనేవారు చూడవలసినవి పీల్చే గుణం, త్వరగా ఆరడం, పొరలు విడదీసి ఉతికే వీలు. మందమైన ప్యాడ్ ఎక్కువ పీల్చినా ఆలస్యంగా ఆరుతుంది. ఎండ తగలని ఒంటిగది ఇంటికి పొరలుగా విప్పి ఆరవేసే రకమే తగినది. ఆ విప్పే గుడ్డ పాత చీర మడతకు దగ్గరి చుట్టం.

7. ఉపసంహారం

ముట్టుగుడ్డ చరిత్రను వెనుకబాటు నుంచి ప్రగతికి సాగిన ప్రయాణంగా గాని, పోగొట్టుకొన్న సంప్రదాయపు పునరుద్ధరణగా గాని చెప్పడం రెండూ అసంపూర్ణమే. మొదటిది గుడ్డలోని జ్ఞానాన్ని విస్మరిస్తుంది. రెండవది ఆ గుడ్డను ఉతికిన చేతులను విస్మరిస్తుంది. ఏ ప్యాడ్ వాడాలన్న ఎంపిక స్త్రీదే కావాలి. ఆ ఎంపికకు అర్థం ఉండాలంటే తలుపున్న స్నానాలగది, చాలినన్ని నీళ్లు, సంకోచం లేకుండా దండెం మీద ఆరవేయగల ఇల్లు ఉండాలి. సర్వే ప్రశ్నావళిలో ‘ఏమి వాడుతున్నారు’ అన్న ప్రశ్న పక్కన ‘ఎక్కడ ఆరవేస్తున్నారు’ అన్న ప్రశ్న చేరిననాడు అంకెలు స్త్రీల వాస్తవ జీవితానికి మరింత దగ్గరవుతాయి. మైలబట్టల శ్రమ గురించి చాకలి స్త్రీల మౌఖిక కథనాలను సేకరించడం తెలుగు పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని. ఆ పని చేసిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది.