అణాలు పోయిన నాటి సండూరు

ఘోర్పడేల సంస్థానమైన సండూరు 1949లో మద్రాసు రాష్ట్రమున విలీనమై, 1953 అక్టోబరు 1న బళ్లారి ప్రాంతముతో మైసూరు రాష్ట్రమునకు చేరినది. ఏలుబడులు మారినను మన యిండ్ల పద్దులు తెలుగుననే సాగెను. తుదకు రూపాయియే మారినది.

1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చెను. అణాకు లెక్కప్రకారము ఆరుంబావు పైసలు. పావుపైస నాణెమా, లేదు! కావున అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టికలు వెలసెను. అణా సరకు పదునారు మారులు కొన్నవాడు 96 పైసలిచ్చిన చాలును; అంగడివాడు మారునకు ఏడేసి పుచ్చుకొన్నచో 112 అగును. ఈ తేడా కలవారికి పరిహాసము; మాంగనీసు గనుల కూలికి సంతలో ఉప్పు, మిరపకాయ. ఆ తికమక తీరకమునుపే వీసెలు, సేర్లు పోయి కిలోలు వచ్చెను. 1964 జూన్ 1న ‘నయా’ అను మాటయు తొలగినది.

వినోదమునకు కొదువ లేదు. ‘గుండమ్మ కథ’ 1962లో, రంగుల ‘లవకుశ’ 1963లో వచ్చెను. రేడియోకు తపాలా కార్యాలయమున లైసెన్సు కట్టవలసిన దినములవి. 1962 అక్టోబరులో చైనా యుద్ధవార్త రేడియోలోనే వినవచ్చెను. దాని వెనుకనే, 1963 జనవరిలో, బంగారపు ఉత్తరువు: క్రొత్త నగ 14 కారట్లు మించరాదు. మేలిమి పుస్తెలు చేయింప వచ్చిన పెండ్లివారికి కంసాలి ఏమని చెప్పవలెను?