సేలం నుంచి చెన్నపట్నానికి: హిగ్గిన్సన్ల మూడు తరాలు

1688 సెప్టెంబరు 29న చెన్నపట్నం సెయింట్ జార్జి కోటలో నగర కార్పొరేషన్ తొలిసారి కొలువుతీరింది. ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన అధికారపత్రం ప్రకారం ఒక మేయరు, పన్నెండుమంది ఆల్డర్మెన్లు. ఆ పన్నెండుమందిలో ఇంగ్లీషువారితో పాటు పోర్చుగీసువారు, వజ్రాల వ్యాపారం చేసే యూదులు ఉన్నారు. కంపెనీ రాతల్లో ‘జెంటూ’లుగా కనిపించే హిందూ వర్తకులూ ఉన్నారు, వారిలో చిన్న వెంకటాద్రి ఒకడు. మేయరుగా ప్రమాణం చేసిన నథానియల్ హిగ్గిన్సన్‌కు అప్పటికి 35 ఏళ్లు. అతడు ఇంగ్లండులో పుట్టినవాడు కాడు. అమెరికా తూర్పు తీరంలో, గిల్‌ఫర్డ్ అనే చిన్న ప్యూరిటన్ పల్లెలో పుట్టాడు. అతని తాత ఫ్రాన్సిస్ హిగ్గిన్సన్ మసాచుసెట్స్‌లోని సేలం చర్చికి పునాది వేసిన ఇద్దరు మతగురువుల్లో ఒకడు.

హిగ్గిన్సన్ల వంశావళి అమెరికాలో బాగానే పరిశోధనకు నోచుకుంది. అందులో నథానియల్‌కు దక్కేది మాత్రం రెండు మూడు పంక్తులే: చదివాడు, ఇండియా వెళ్లాడు, లండన్‌లో పోయాడు. మద్రాసు చరిత్రల్లో అతడు గవర్నర్ల పట్టికలో ఒక పేరు, అంతే. ఈ రెండు రకాల పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప ఆ కుటుంబం కథ పూర్తిగా తెలియదు.

కథ ఇంగ్లండు నడిబొడ్డున, లెస్టర్‌షైర్‌లోని క్లేబ్రూక్ అనే ఊళ్లో మొదలవుతుంది. ఫ్రాన్సిస్ తండ్రి జాన్ అక్కడి చర్చికి వికారు. ఫ్రాన్సిస్ కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలో చదివి 1613లో ఎం.ఏ. పుచ్చుకుని సొంత ప్రాంతంలోనే బోధకుడయ్యాడు. ఇంగ్లండు చర్చిలో రోమన్ కాథలిక్కుల నాటి ఆచారాలు ఇంకా మిగిలే ఉన్నాయని, వాటిని కడిగేయాలని పట్టుబట్టినవారిని ఆ రోజుల్లో ప్యూరిటన్లని ఎగతాళిగా పిలిచేవారు. ఫ్రాన్సిస్ నెమ్మదిగా ఆ పక్షానికి చేరాడు. 1620ల చివరినాటికి బిషప్పుల ఒత్తిడి పెరిగి, తన మాట చెప్పుకోవడానికి వేదికే లేని స్థితి వచ్చింది.

సరిగ్గా అప్పుడే మసాచుసెట్స్ బే కంపెనీ అతణ్ని పిలిచింది. ఇక్కడ కాస్త ఆగాలి. న్యూ ఇంగ్లండు వలసలను మనం భక్తుల యాత్రగా ఊహించుకుంటాం. నిజానికి ఆ యాత్రకు ఓడలు సమకూర్చింది వాటాదారుల కంపెనీ. 1629 మార్చిలో రాజముద్ర పొందిన ఆ సంస్థకు ఒక గవర్నరు, సహాయకుల మండలి, ఖాతా పుస్తకాలు ఉన్నాయి. దాని మొదటి గవర్నరు మాథ్యూ క్రాడాక్ లండన్ వర్తకుడు, ఈస్టిండియా కంపెనీలోనూ పెట్టుబడులున్నవాడు. 1600 చివరి రోజున పుట్టిన ఈస్టిండియా కంపెనీదీ, దీనిదీ ఒకే అచ్చు. మూడో తరంలో ఒక హిగ్గిన్సన్ సేలంను విడిచి మద్రాసు చేరడం వింతగా కనిపిస్తుంది కానీ, ఆ కుటుంబం మొదటి అడుగు కూడా కంపెనీ జీతం మీదే పడింది. ఫ్రాన్సిస్‌కు ఏడాదికి 30 పౌన్లిచ్చేలా, అతడు పోతే భార్యాపిల్లలను కంపెనీయే పోషించేలా ఒప్పందం కుదిరింది. ఆ రెండో షరతు అవసరం ఎంత త్వరగా పడుతుందో రాసుకున్నవారికి తెలియదు.

1629 వసంతంలో టాల్బట్ అనే ఓడలో ఫ్రాన్సిస్, అతని భార్య ఆన్, పిల్లలు బయలుదేరారు. దారిలో మశూచి సోకింది. నాలుగేళ్ల కూతురు మేరీ ఓడలోనే చనిపోయింది. శవాన్ని సముద్రానికి అప్పగించారు. ఆ సంగతి ఫ్రాన్సిస్ తన ప్రయాణపు దినచర్యలో రాసుకున్నాడు. మశూచి ఈ కుటుంబాన్ని తర్వాత కూడా వదల్లేదు.

జూన్ చివర సేలం చేరారు. ఆగస్టు 6న అక్కడి చర్చి ఒక ఒడంబడికతో ఏర్పడింది. శామ్యూల్ స్కెల్టన్ కాపరి, హిగ్గిన్సన్ బోధకుడు. బిషప్పు నియమించడం కాదు, సభ్యులే ఎన్నుకోవడం ఈ చర్చిలోని కొత్తదనం. ఆ కొత్త నేల గురించి ఫ్రాన్సిస్ రాసి పంపిన చిన్న పుస్తకం 1630లో లండన్‌లో అచ్చయి, అదే ఏడాది మూడు ముద్రణలు పొందింది. అక్కడి గాలి తన పాత జబ్బులను నయం చేసిందని, చలికి వేసుకునే బరువు బట్టలు కూడా మానేశానని అందులో రాశాడు. వలసకు జనాన్ని రప్పించే రచనల్లో ఇలాంటి ఉత్సాహం మామూలే. అయితే ఫ్రాన్సిస్ అబద్ధం రాశాడని నేననుకోను. ఆ మాటలు రాసేనాటికి అతడు అక్కడ ఒక్క చలికాలం కూడా గడపలేదు. ఆ చలికాలమే సేలంలో ఎందరినో తీసుకుపోయింది. ఫ్రాన్సిస్ జ్వరంతో మంచాన పడి 1630 ఆగస్టు 6న, చర్చి పుట్టిన రోజుకు సరిగ్గా ఏడాదికి, కన్నుమూశాడు. ఆన్‌కు ఎనిమిది మంది పిల్లలు మిగిలారు. ఆమె తర్వాత న్యూ హేవెన్‌కు మారి, 1640లో అక్కడే పోయింది.

పెద్దకొడుకు జాన్‌కు తండ్రి పోయేనాటికి పద్నాలుగేళ్లు. అతడు విశ్వవిద్యాలయం మెట్లెక్కలేదు. అక్కడి ఆదివాసుల భాష నేర్చి దుబాసీగా పనిచేశాడు. కనెక్టికట్ నది ముఖంలోని సేబ్రూక్ కోటలో సైనికులకు మతబోధకుడిగా ఉన్నాడు. హార్ట్‌ఫర్డ్‌లో బడి నడిపాడు. చివరికి గిల్‌ఫర్డ్ చేరి, అక్కడి మతగురువు హెన్రీ విట్‌ఫీల్డ్‌కు సహాయకుడై, ఆయన కూతురు శారాను పెళ్లాడాడు. విట్‌ఫీల్డ్ 1639లో కట్టించుకున్న రాతి ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. కనెక్టికట్‌లో అంతకన్నా పాత ఇల్లు లేదు. 1650లో విట్‌ఫీల్డ్ ఇంగ్లండు తిరిగి వెళ్లిపోతే చర్చి బాధ్యత అల్లుడి మీద పడింది. 1652లో నథానియల్ పుట్టాడు.

గిల్‌ఫర్డ్ ఆనాడు న్యూ హేవెన్ వలసరాజ్యంలో భాగం. దాని గవర్నరు థియోఫిలస్ ఈటన్ అనే లండన్ వర్తకుడు. ఈటన్ రెండో భార్య ఆన్‌కు మొదటి భర్త ద్వారా పుట్టిన కొడుకు డేవిడ్ యేల్. అతని కొడుకు ఎలిహు యేల్ 1649లో బోస్టన్‌లో పుట్టి, పసితనంలోనే ఇంగ్లండు చేరి, 1672లో మద్రాసుకు కంపెనీ గుమాస్తాగా వచ్చాడు. 1687లో గవర్నరయ్యాడు. అలా ఒకే చిన్న ప్యూరిటన్ వలసకు చెందిన రెండు కుటుంబాల మనవలు బంగాళాఖాతం ఒడ్డున ఒకే కోటలో, ఒకే సభలో కూర్చున్నారు. అయితే యేల్ కుటుంబానిది ప్యూరిటనిజంతో కయ్యం. నాయనమ్మ ఆన్‌ను శిశువుల బాప్తిస్మాన్ని కాదన్నందుకు, ఇంట్లో పోట్లాటలకు న్యూ హేవెన్ చర్చి 1645లో వెలివేసింది. ఆ మరుసటేడు, చర్చి సభ్యులు కానివారికి హక్కులేవని మసాచుసెట్స్ ప్రభుత్వాన్ని నిలదీసిన అర్జీపై డేవిడ్ సంతకం పెట్టాడు. హిగ్గిన్సన్లు అలా కాదు, చర్చికి లోపలివారు.

1659లో జాన్ హిగ్గిన్సన్ ఇంగ్లండు తిరిగి వెళ్దామని కుటుంబంతో ఓడెక్కాడు. గాలులు అడ్డుతిరిగి ఓడ సేలం రేవులో ఆగింది. తండ్రి పునాది వేసిన చర్చికి అప్పుడు మతగురువు లేడు. సభ్యులు ఉండిపొమ్మన్నారు. 1660లో ఆ పదవి చేపట్టి, 1708లో 92వ ఏట చనిపోయేదాకా దాన్ని వదల్లేదు. తొలి ఏళ్లలో క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖ మీద నిప్పులు కక్కాడు; ఇంగ్లండులో ఉన్న అతని తమ్ముడు ఫ్రాన్సిస్ కూడా 1653లో క్వేకర్లను తిడుతూ పుస్తకం వేశాడు. ముసలితనంలో తన తీవ్రతకు జాన్ చింతించాడు.

ఇలాంటి కుటుంబాన్ని వెతికేవారికి ఎదురయ్యే చిక్కుల్లో కొన్ని ఆ మతంలోంచే వచ్చినవి. న్యూ ఇంగ్లండు ప్యూరిటన్లకు పెళ్లి మతకర్మ కాదు; న్యాయాధికారి ముందు జరిగే ఒప్పందం. కాబట్టి చర్చి పుస్తకాల్లో పెళ్లిళ్లు దొరకవు. బాప్తిస్మాలు దొరుకుతాయి కానీ సభ్యుల పిల్లలవే. తేదీలది మరో తంటా. ఇంగ్లీషువారికి 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి నెలల ఘటనలకు పాత కాగితాల్లో ఒక ఏడాది, నేటి పుస్తకాల్లో మరో ఏడాది కనిపించడం అందుకే. చూసుకోకుండా ఎత్తి రాస్తే కొడుకు తండ్రి పెళ్లికి ముందే పుట్టేస్తాడు.

నథానియల్ 1670లో హార్వర్డ్ పట్టభద్రుడయ్యాడు. అదే ఏడాది పట్టా పుచ్చుకున్న సహాధ్యాయి ఒకడు జార్జ్ బరోస్. నథానియల్ 1674లో ఇంగ్లండు వెళ్లి, ప్యూరిటన్ల పక్షాన నిలిచిన వార్టన్ ప్రభువు ఇంట కొన్నేళ్లు ఆయన పిల్లలకు చదువు చెబుతూ కొలువు చేశాడు. తర్వాత లండన్ టవర్‌లోని టంకసాలలో కొంతకాలం గడిపి, 1683లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసుకు బయలుదేరాడు.

ఇక 1692. ఆ ఏడాది సేలంలో మంత్రగత్తెల వేట సాగింది. 19 మందిని ఉరితీశారు. ఒక వృద్ధుణ్ని బండరాళ్లు మోపి చంపారు. ఉరికంబమెక్కినవారిలో జార్జ్ బరోస్ కూడా ఉన్నాడు, ఆగస్టు 19న. మతగురువు, హార్వర్డ్ పట్టభద్రుడు. అదేదీ అతణ్ని కాపాడలేదు. నథానియల్ చెల్లెలు ఆన్‌ను భర్త డాలివర్ వదిలేయగా పిల్లలతో పుట్టింట ఉండేది. మతి స్థిమితం లేనిదని ఊరికి తెలుసు. జూన్ 6న ఆమెను కూడా మంత్రగత్తె అన్న నేరం మీద విచారించారు. మైనపు బొమ్మలు చేశానని ఒప్పుకుంది. ఆమెకు ఉరి పడలేదు. ఆ వేసవిలో నిందితులను విచారించిన న్యాయాధికారుల్లో ఆమె సొంత అన్న, వర్తకుడు జాన్ హిగ్గిన్సన్ ఒకడు. తండ్రి అదే ఊరి చర్చికి పెద్ద మతగురువు. ముసలాయన వేటను ఎగదోయలేదు, ఎదురూ నిలవలేదు. 1698లో, బెవర్లీ మతగురువు జాన్ హేల్ ఆ విచారణల్లోని పొరపాట్లను ఎత్తిచూపుతూ రాసిన పుస్తకానికి ముందుమాట రాశాడు. ఆ పుస్తకం 1702లో కానీ వెలుగు చూడలేదు. అతని మౌనాన్ని ముసలితనం ఖాతాలో వేసే చరిత్రకారులున్నారు. 76 ఏళ్ల తండ్రి, కూతురే నిందితురాలైన వేళ నోరు మెదపకపోవడానికి భయమే చాలునని నాకనిపిస్తుంది.

అదే 1692లో మద్రాసులో నథానియల్ ఎలిజబెత్ రిచర్డ్స్‌ను పెళ్లాడాడు. అక్టోబరులో, సభతో గొడవలు ముదిరి పదవి పోగొట్టుకున్న యేల్ స్థానంలో గవర్నరయ్యాడు. అమెరికా వంశావళికారులు ఈ వివరాల కోసం సేలం విడిచి మద్రాసు కోటలోని కంపెనీ దినచర్య, సంప్రదింపుల పుస్తకాలకు రావాలి. వాటి మూలప్రతులు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎగ్మూరు, పురసవాక్కం, తొండియార్పేటలు కంపెనీకి దక్కింది 1693లో, హిగ్గిన్సన్ హయాంలోనే.

ఆ ఊళ్లు ఊరికే రాలేదు. 1687లో గోల్కొండ కూలి, కోరమాండల్ తీరం మొగలుల చేతికి వచ్చింది. 1689లో మొగలు దళాలు విశాఖపట్నంలోని కంపెనీ స్థావరాన్ని పట్టుకుని అక్కడి ఉద్యోగులను చంపాయి. సేనాని జుల్ఫికర్ ఖాన్ జింజీ కోట ముట్టడిలో ఉన్నాడు. మరాఠాలు మరోవైపు. హిగ్గిన్సన్ పాలన ఆరేళ్లు చాలావరకు కానుకలు పంపడంలో, ఉత్తరాలు రాయడంలో, ఎవరికీ పూర్తిగా శత్రువు కాకుండా ఉండడంలో గడిచింది. యేల్‌కున్నంత సంపద గాని, అంతటి అపకీర్తి గాని ఇతని పేరు మీద లేవు. 1698 జులైలో థామస్ పిట్‌కు బాధ్యత అప్పగించాడు.

మద్రాసుకూ సేలంకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. కొన్ని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ ప్రచురణల్లో అచ్చయ్యాయి. తోబుట్టువుల్లో ఫ్రాన్సిస్ 1684లో లండన్‌లో, హెన్రీ 1685లో బార్బడోస్‌లో మశూచితోనే పోయారు; థామస్ అరేబియా వైపు ఓడెక్కి తిరిగి రాలేదు. తన చర్చిని దాటి కదలని తండ్రికి పుట్టిన కొడుకుల్లో సేలంలో మిగిలింది వర్తకుడు జాన్ ఒక్కడే. ఆ జాన్ తమ్ముడికి రాసినవి భక్తి లేఖలు కావు. ఫ్రాన్సుతో యుద్ధకాలంలో న్యూ ఇంగ్లండులో మస్లిన్లు, మిరియాలు ఏ ధర పలికాయో, ఇండియా సరుకులో ఏది అమ్ముడుపోతుందో లెక్కలు కట్టి చెబుతాడు. మూడో తరానికి వచ్చేసరికి కుటుంబం అసలు భాష ఇదేనేమో.

నథానియల్ 1700లో భార్యాపిల్లలతో లండన్ చేరి వర్తకంలో స్థిరపడ్డాడు. సేలం మళ్లీ చూడలేదు. అయినా పుట్టినచోటి రాజకీయం వదల్లేదు. మసాచుసెట్స్ గవర్నరు జోసెఫ్ డడ్లీని తొలగించాలంటూ రాణికి వెళ్లిన అర్జీ మీద మొదటి పేరు అతనిదే. 1708లో మశూచి అతణ్నీ తీసుకుపోయింది. అదే ఏడాది డిసెంబరు 9న సేలంలో తండ్రి చనిపోయాడు.

అమెరికాలో పేరు మోసిన హిగ్గిన్సన్లందరూ వర్తకుడు జాన్ శాఖవారే. వారిలో థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్సన్ అంతర్యుద్ధంలో విముక్త నల్లజాతి సైనికుల దళానికి కర్నలు, కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపిన రచయిత. తాతముత్తాతల వంశావళిని 1910లో అచ్చు వేసిందీ ఆయనే. జాన్ కలగన్న ఇండియా వ్యాపారం మాత్రం అతని జీవితకాలంలో సాగలేదు. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం, నౌకాయాన చట్టాలు వలసవారిని ఆ సముద్రంలోకి రానివ్వలేదు. అమెరికా స్వతంత్రమయ్యాక, బ్రిటన్‌తో కుదిరిన 1794 జే ఒప్పందం బ్రిటిష్ ఇండియా రేవులను తెరిచాక, సేలం ఓడలు మద్రాసుకు, కలకత్తాకు బారులు తీరాయి. ఐదేళ్లకే ఆ ఊరి కప్తాన్లు ఈస్టిండియా మెరైన్ సొసైటీ పెట్టుకున్నారు. అందులో చేరాలంటే కేప్ ఆఫ్ గుడ్ హోప్‌నో కేప్ హార్న్‌నో చుట్టి వచ్చి ఉండాలి.