80 ఏండ్లకు ఇంటికి చేరిన పెల్టియర్ తాత

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికగా చదవండి.

మన హాస్టళ్ల గోడల మీద కొమురం భీం, బిర్సా ముండా ఫొటోలు ఉంటయి. లెనార్డ్ పెల్టియర్ ఫొటో మాత్రం మేము ఎక్కడా చూడలే. ఆయన అమెరికా ఆదివాసీ. దాదాపు 49 ఏండ్లు జైల్లో ఉండి 2025 ఫిబ్రవరి 18న బయటికొచ్చారు. అప్పటికి వయసు 80. మా రూమ్‌ల అందరం ఆయన్ని తాత అనే అంటున్నం.

ఆయన పుట్టింది 1944లో, ఉత్తర డకోటా రాష్ట్రంలో. టర్టిల్ మౌంటెన్ చిప్పెవా తెగ. 1953లో, 9 ఏండ్లప్పుడు, నాయనమ్మ దగ్గరున్న పిల్లగాణ్ణి గవర్నమెంటోళ్లు బోర్డింగ్ స్కూలుకు తీస్కపోయారు. అక్కడ జుట్టు కత్తిరించుడు, సొంత భాష మాట్లాడితే దెబ్బలు. ఇది చదివినప్పుడు మేము కాసేపు ఆగినం. మమ్మల్ని ఎవరూ పట్టుకపోలేదు, మా అమ్మానాయినలే ట్రంకు పెట్టె మోసుకొచ్చి ఆశ్రమ పాఠశాలలో దింపారు. రెండూ ఒకటి కాదు. కానీ క్లాసులో నోట్లోంచి కోయ మాట జారితే అందరూ నవ్విన రోజులు మాకూ ఉన్నయి. అదే 1953లో అమెరికా పార్లమెంటు కొన్ని తెగల గుర్తింపును రద్దు చేయాలని తీర్మానం చేసింది. ఆ లిస్టులో తాత తెగ కూడా ఉంది.

ఇక కేసు. 1975 జూన్ 26న దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో కాల్పులు జరిగినయి. ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు జాక్ కోలర్, రొనాల్డ్ విలియమ్స్, ఒక ఆదివాసీ యువకుడు జో స్టంట్జ్ చనిపోయారు. స్టంట్జ్ చావుకు ఎవరి మీదా విచారణ జరగలేదు. ఏజెంట్ల కేసులో ఇద్దరు ఆదివాసీలను జ్యూరీ ఆత్మరక్షణ కింద వదిలేసింది. కెనడాలో దొరికిన పెల్టియర్‌కు మాత్రం 1977లో రెండు యావజ్జీవాలు పడ్డయి. చనిపోయిన ఏజెంట్లకూ ఇల్లూ వాకిలీ ఉన్నయి, ఆ దుఃఖాన్ని మేము చిన్నది చెయ్యం. కానీ 1986లో అప్పీలు కోర్టే ప్రభుత్వం కొన్ని సాక్ష్యాలు దాచిందని ఒప్పుకుంటూ, మళ్లీ విచారణకు మాత్రం ఒప్పుకోలేదు. ఆ తీర్పు రాసిన జడ్జి హీనీ 1991లో క్షమాభిక్షకు మద్దతుగా ఉత్తరం రాశారు. ఇది మాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మేము అసలు చెప్పాలనుకున్నది ఆశ గురించి. 2000 డిసెంబర్‌లో క్లింటన్ వదిలేస్తాడనుకున్నారు, ఎఫ్‌బీఐ వాళ్లు వందల మంది వైట్‌హౌస్ ముందు నిరసన చేశారు, విడుదల కాలేదు. 2009లో పెరోల్ ఇవ్వలేదు. 2017లో ఒబామా కాదన్నాడు. 2024 జులైలో మళ్లీ పెరోల్ నిరాకరణ. అప్పటికే షుగర్, చూపు తగ్గుడు, నడవాలంటే ఊత కావాలె. ప్రతిసారీ ఆశ పెంచుకొని మళ్లీ దించుకోవాలె. అయినా లోపలినుంచి బొమ్మలు వేశారు, 1999లో పుస్తకం తెచ్చారు, తనకోసం నిలబడ్డోళ్లకు సందేశాలు పంపుతనే ఉన్నారు. మండేలా, డెస్మండ్ టుటు లాంటి పెద్దలు ఆయన తరఫున మాట్లాడారు. అయితే ఆ పేరున్నోళ్ల కన్నా, ఉత్తరాలు రాసిన, ర్యాలీల్లో నడిచిన పేర్లు తెల్వని మనుషులే ఎక్కువని మేము అనుకుంటున్నం. వాళ్లల్ల ఎందరో ఈ విడుదల చూడకుండానే పోయారు.

2025 జనవరి 20న, పదవి దిగిపోయే రోజు, బైడెన్ శిక్షను గృహ నిర్బంధంగా మార్చాడు. క్షమాభిక్ష కాదు, నేరస్థుడన్న ముద్ర అట్లనే ఉంది. విడుదలైన మరుసటి రోజు బెల్కోర్ట్‌లో సొంత తెగ జనం ముందు నిలబడి తాత అందరికీ థాంక్స్ చెప్పుకున్నారు.

మేమూ ఒక ఉత్తరం రాస్తున్నం. ఇంగ్లీషు తప్పులొస్తయని రెండు వారాలు ఆగినం. చివరికి పైన కోయలో, కింద ఇంగ్లీషులో రాసినం. ఇంగ్లీషు బాగొచ్చిన అక్కలు, అన్నలు ఎవరైనా ఒకసారి సరిచూసి పెట్టండి.