అటక మీది పాదరసం

మన చిన్నప్పుడు బల్బును క్యాండిల్స్ లెక్కన అడిగేవాళ్ళం. వంటింటికి 40 క్యాండిల్, ముందుగదికి 60, రాత్రికి జీరో బల్బు. పగిలితే గాజుపెంకులు ఊడ్చేయడమే, ఇంకో భయం లేదు.

తర్వాత జంతికలా మెలికలు తిరిగిన సీఎఫ్‌ఎల్ వచ్చింది. దాన్ని 1976లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు ఎడ్వర్డ్ హామర్ తయారుచేస్తే, గాజును అలా తిప్పే యంత్రాలకు ఖర్చెక్కువని కంపెనీ పక్కన పెట్టేసింది. 1980లో ఫిలిప్స్ తన రకం అమ్మకానికి తెచ్చింది. మన దగ్గర విశాఖపట్నంలో ఓస్రామ్ వాళ్ళు పాత బల్బు తీసుకుని సీఎఫ్‌ఎల్ ఇచ్చారు. 2009లో కేంద్రం 'బచత్ లాంప్ యోజన' మొదలుపెట్టి 15 రూపాయలకే ఇస్తామంది. 60 వాట్ల వెలుగు 15 వాట్లకే వస్తుంటే, కరెంటు బిల్లు కట్టే ఏ ఇల్లాలు వద్దంటుంది చెప్పండి?

వెలుగు నెమ్మదిగా పుంజుకోవడం, బాత్రూంలో మాటిమాటికీ వేసి ఆర్పితే త్వరగా మాడిపోవడం అందరం చూసినవే. 2008లో బ్రిటన్ ఆరోగ్య రక్షణ సంస్థ ఇంకో మాట చెప్పింది: పైన మూత లేని సీఎఫ్‌ఎల్‌కి 30 సెంటీమీటర్లలోపు రోజుకు గంటకు మించి కూర్చోవద్దని. అతినీలలోహిత కిరణాలట. పిల్లల చదువుబల్ల దీపం మాట ఎవరు ఆలోచించారు!

అసలు సంగతి లోపలి పాదరసం. పాదరసమంటే వేమన బంగారం కథే గుర్తొచ్చే నాకు, అది పడగ్గదిలో వేలాడుతోందని చాన్నాళ్ళు తెలియదు. ఉండేది కొద్ది మిల్లీగ్రాములే, పగలనంతకాలం బయటికి రాదు. పగిలితే మాత్రం మన చెయ్యి ముందు చీపురు మీదికే పోతుంది. అదే వద్దు. ఊడిస్తే పొడి గదంతా లేస్తుంది. ఫ్యాను, ఏసీ కట్టేసి, కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి ఓ పావుగంట ఆగాలి. తర్వాత అట్టముక్కతో పెంకులెత్తి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా మూత బిగిసే సీసాలో వేయాలి.

2015లో ఉజాలా పథకంతో ఎల్‌ఈడీలు చవకయ్యాయి, వాటిలో పాదరసం లేదు. 2022లో మినమాటా ఒప్పందం దేశాలు, ఇళ్ళలో వాడే సీఎఫ్‌ఎల్‌ల తయారీని 2025కల్లా ఆపాలని నిర్ణయించాయి. అయితే మాడిపోయినవి చాలా ఇళ్ళలో అటక మీదే ఉన్నాయి, మా ఇంట్లో ఐదున్నాయి. చెత్తబండిలో వేస్తే ఆ పెంకులు ఏరేది వట్టి చేతులతో పనిచేసే మనిషి. అందుకే అట్టపెట్టెలో పాత చీర ముక్కలు చుట్టి ఉంచాను, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇస్తాను.